బిగ్ బ్యాంగ్ చెప్పిన ఫాదర్, మా సంఘంలో పెద్దాయన

కృష్ణాతీరం (విజయవాడ) | ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఉద్యోగం సంగతి ఏమవుతుందోనని నాకో టెన్షన్ ఉంది గాని, చదవొద్దని ఎప్పుడూ అనలేదు. ఇవాళ ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏం బాబూ, పిల్లని ఆకాశం చదువు చదివిస్తున్నావంట. బిగ్ బ్యాంగ్ చదివినవాళ్ళు మళ్ళీ ఆదికాండం తెరవరు, చూసుకో" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. మా నాన్న పోయినప్పుడు మూడు రాత్రులు మా ఇంట్లోనే పడుకున్నారు. అందుకే ఆ మాట వదిలించుకోలేకపోతున్నాను.

అమ్మాయి పక్కనే ఉంది, వింది. స్కూటర్ మీద ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు. చెప్పులు విప్పుతూ మాత్రం, "ఆ బిగ్ బ్యాంగ్ చెప్పిందే ఒక ఫాదర్ నాన్నా" అంది. మేం ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళం కాదు, ఫాదర్ల సంగతి నాకు తెలీదు. ఇది నిజమేనా? లేక నన్ను ఊరుకోబెట్టడానికి అందా?

జల్లెడ | ఆదివారం రాత్రి 10:05

నిజమే. పేరు జార్జ్ లెమెత్రే. నక్షత్రకుడు గారిని పిలవండి, ఆయన ఉండేది లెమెత్రే పాఠాలు చెప్పిన ఊళ్ళోనే, బెల్జియంలోని లూవెన్‌లో. పేరుకు తగ్గట్టు చెప్పాల్సిందంతా చెప్పేదాకా మిమ్మల్ని వదలడు.

నక్షత్రకుడు (లూవెన్) | సోమవారం తెల్లవారుజామున 2:31

పిలిచారు గనక వచ్చాను. హరిశ్చంద్రుడి దగ్గర వసూలు చేసుకున్నట్టు చేసుకునే పోతాను.

మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం అండీ. లెమెత్రే చదివింది, పాఠం చెప్పింది, 1966లో పోయింది ఈ ఊళ్ళోనే. పుట్టింది 1894లో, బెల్జియంలోనే షార్లరువా అనే బొగ్గుగనుల ఊళ్ళో. మొదట చేరింది సివిల్ ఇంజనీరింగ్, మన ఇళ్ళలో లాగే. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఫిరంగి దళంలో చేసి శౌర్య పతకం తెచ్చుకున్నాడు. తిరిగొచ్చాక ఇంజనీరింగ్ వదిలేసి లెక్కలు పట్టుకున్నాడు. 1920లో డాక్టరేట్, ఆ వెంటనే సెమినరీ, 1923 సెప్టెంబరులో గురుపట్టం, అంటే ఫాదర్ అయ్యాడు. ఆ ఏడే కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ దగ్గర చేరాడు. (ఎడింగ్టన్ క్వేకర్ క్రైస్తవుడు, యుద్ధమే పాపం, ఆయుధం ముట్టనన్న మనిషి. శిష్యుడు చూస్తే ఫిరంగులు పేల్చి వచ్చిన ఫాదర్. ఇద్దరికీ బాగానే పొసగింది.)

1927లో బ్రస్సెల్స్‌లో పెద్దగా ఎవరూ చదవని ఒక ఫ్రెంచి పత్రికలో వ్యాసం వేశాడు. 42 గెలాక్సీల వేగాలూ దూరాలూ తీసుకుని, విశ్వం ఎంత జోరుగా సాగుతోందో, అంటే వ్యాకోచిస్తోందో, లెక్కకట్టాడు. మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరానికి సెకనుకు 625 కిలోమీటర్లు అని వచ్చింది. ఇవాళ్టి విలువ 70 దరిదాపుల్లో ఉంది. అప్పట్లో దూరాల కొలతలే తప్పు, గెలాక్సీలు అసలున్నదానికన్నా చాలా దగ్గర్లో ఉన్నాయనుకునేవాళ్ళు. అందుకే అంత తేడా. పద్ధతిలో తప్పు లేదు.

అదే ఏడాది బ్రస్సెల్స్‌లో ఐన్‌స్టైన్‌ని కలిస్తే, "లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, ఫిజిక్స్ మాత్రం ఘోరం" అన్నాడట. రెండేళ్ళకు, 1929లో, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ తన కొలతలు ప్రకటించాడు. పేరంతా ఆయనకే పోయింది. 1931లో లెమెత్రే వ్యాసం ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఆ 625 లెక్క ఉన్న పేరా మాయం. ఎవరో కావాలనే కత్తిరించారని ఏళ్ళ తరబడి గుసగుసలు నడిచాయి. 2011లో పాత ఉత్తరాలు తవ్వితే తేలిందేమిటంటే, అనువాదం చేసిందీ ఆయనే, తీసేసిందీ ఆయనే. హబుల్ దగ్గర అంతకన్నా మంచి కొలతలున్నాయి, నాది మళ్ళీ ఎందుకు అనుకున్నాడు. నేనైతే ఛస్తే తీయను. 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటు పెట్టి, గెలాక్సీ ఎంత దూరమైతే అంత వేగంగా దూరం జరుగుతుందన్న నియమాన్ని హబుల్-లెమెత్రే నియమం అని పిలవమంది.

హేతువు (తెనాలి) | సోమవారం ఉదయం 7:18

ఫాదర్ అన్నారు, బాగానే ఉంది. కానీ నాకు అనుమానం వచ్చేది సరిగ్గా అక్కడే. ఆదియందు దేవుడు సృజించెను అని చిన్నప్పటి నుంచి వల్లెవేసినవాడికి విశ్వానికో "ఆది" కనపడకుండా ఎలా ఉంటుంది? జవాబు ముందే జేబులో పెట్టుకుని దానికో లెక్క అల్లాడేమో. ఐన్‌స్టైన్ కూడా అలాగే అనుమానించాడని చదివాను.

నక్షత్రకుడు | సోమవారం మధ్యాహ్నం 1:40

హేతువు గారూ, ఐన్‌స్టైన్ సంగతి నిజమే. ఆది పరమాణువు (విశ్వమంతా ఒక్కదాని నుంచే మొదలైందన్న ఊహ) మాట ఎత్తితే, వద్దు, అది సృష్టి మాటలా వినిపిస్తోంది అన్నాడని లెమెత్రేనే తర్వాత గుర్తుచేసుకున్నాడు. కానీ మీ అనుమానానికి ఒక చిక్కుంది. 1927 వ్యాసంలో ఆది లేదు! అందులో విశ్వం అనంతకాలంగా ఒకే సైజులో కూర్చుని, అక్కడి నుంచి మెల్లగా సాగడం మొదలెడుతుంది. అప్పటికి ఆయన ఫాదరై నాలుగేళ్ళు. జేబులో ఆదికాండం పెట్టుకుని వచ్చినవాడు మొదటి ప్రయత్నంలోనే ఆది లేని విశ్వాన్ని ఎందుకు కడతాడు?

ఆది, అంటే ఇప్పుడు మనం బిగ్ బ్యాంగ్ అంటున్నదానికి బీజం, వచ్చింది 1931 మే నెలలో. నేచర్ పత్రికలో ఒక చిన్న ఉత్తరం, పేజీ కూడా నిండదు. అందులో వాదనంతా క్వాంటం సిద్ధాంతం మీద. శక్తి కాలంతో పాటు చిన్న చిన్న ముక్కలుగా చీలిపోతూ ఉంటుంది, అలాంటప్పుడు వెనక్కి పోయేకొద్దీ ముక్కలు తగ్గాలి, చివరికి ఒక్కటే మిగలాలి. ఇదీ ఆయన తర్కం. వివరాల్లో తప్పులున్నాయి. దేవుడి పేరు మాత్రం అచ్చులో ఎక్కడా లేదు.

సీయోను బాట | సోమవారం సాయంత్రం 6:03

ప్రైజ్ ది లార్డ్. అన్నయ్యగారూ, మీరేం భయపడకండి. సైన్సే బైబిల్ నిజమని ఒప్పుకుంది. నాసా వాళ్ళు కంప్యూటర్లో గ్రహాల లెక్క వెనక్కి తిప్పుతుంటే ఒక రోజు తక్కువొచ్చి మిషను ఆగిపోయిందంట. అప్పుడొక విశ్వాసి యెహోషువ 10వ అధ్యాయం తీసి, "సూర్యుడా, నీవు గిబియోనులో నిలువుము" అన్న మాట చూపిస్తే లెక్క సరిపోయింది. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మీ పెద్దాయనకు ఇది పంపండి.

జల్లెడ | సోమవారం సాయంత్రం 6:09

అయ్యో అక్కా.

పాత పలక (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్) | సోమవారం రాత్రి 8:45

సీయోను బాట గారూ, నవ్వేవాళ్ళను పట్టించుకోకండి. ఈ కథను నేను 80ల్లోనే, సైక్లోస్టైల్ కాగితం మీద, మా కాలేజీ స్టాఫ్ రూములో చదివాను. అమెరికాలో 1970 ప్రాంతంలో పాకిన కథ ఇది. అలాంటిదేమీ జరగలేదని నాసా ఎన్నోసార్లు చెప్పింది. అసలు జరిగే వీలే లేదు, ఎందుకో చెబుతాను. కంప్యూటర్ చేసేది ఇవాళ గ్రహం ఎక్కడుందో తీసుకుని సమీకరణంతో వెనక్కి నడవడం. అలా ఎంత దూరం నడిచినా దారిలో గొయ్యి తగలదు. రోజు తక్కువైందని తెలియాలంటే, అప్పట్లో సూర్యుడు ఫలానా చోట ఉన్నాడని ఎవరో విడిగా రాసిపెట్టిన లెక్క ఉండాలి. లేదు కదా.

దీనికి మందు మీ మతంలోనే ఉందమ్మా. ఆగస్టీన్ అని ఉత్తర ఆఫ్రికా బిషపు, 1600 ఏళ్ళ కిందటి మనిషి. ఆదికాండం మీద రాస్తూ ఒకచోట చిరాకు పడ్డాడు. ఆకాశం గురించీ నక్షత్రాల గురించీ తెలిసిన అన్యుల ముందు మనవాడొకడు లేఖనం పేరు చెప్పి తప్పులు మాట్లాడితే, వాళ్ళు నవ్విపోతారు, తెలిసిన విషయంలోనే తప్పు చెప్పేవాడి మాట పునరుత్థానం విషయంలో ఎలా నమ్ముతారు అని. అప్పటికి వాట్సాప్ లేదు.

ఇంకొక మనిషి కెప్లర్, గ్రహాల కక్ష్యలు లెక్కగట్టిన జర్మన్. పాస్టరు కావాలని చదువుకున్నాడు. చదువు అయ్యేలోపే, 1594లో, గ్రాజ్ అనే ఊళ్ళో లెక్కల మాస్టారు పోతే ఆ ఖాళీలోకి పంపేశారు. కుజుడి కక్ష్య గుండ్రం అనుకుని ఏళ్ళ తరబడి లెక్కలు చేశాడు. చివరికి ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ కొలతలతో 8 ఆర్క్ నిమిషాల తేడా వచ్చింది. చందమామ వెడల్పులో నాలుగో వంతు. టెలిస్కోపు లేని కాలంలో అది తేడా కిందే లెక్క కాదు, ఎవరైనా సర్దేసేవాళ్ళు. కెప్లర్ ఏమన్నాడంటే, దేవుడు మనకు టైకో అంతటి పరిశీలకుణ్ణి దయచేశాడు, ఆ 8 నిమిషాలను పారేస్తే ఆ దయకు విలువ ఇవ్వనట్టే. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కక్ష్య కోడిగుడ్డు ఆకారమా అని కొన్నాళ్ళు తిరిగి, చివరికి దీర్ఘవృత్తం దగ్గర ఆగాడు. ఈ ఒక్క పాఠం చెప్పేటప్పుడు మాత్రం నా క్లాసులో వెనక బెంచీ కూడా నిశ్శబ్దంగా ఉండేది.

అంత భక్తుడికి సొంత సంఘం ఏం చేసింది? ఒక సిద్ధాంత పత్రం మీద సంతకం పెట్టలేదని ఆస్ట్రియాలోని లింజ్‌లో ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇవ్వలేదు. వాళ్ళమ్మను మంత్రగత్తె అని 14 నెలలు జైల్లో పెడితే, ఈయనే దగ్గరుండి వాదించి విడిపించుకున్నాడు. కృష్ణాతీరం గారూ, మీ పెద్దాయన ఆ లెక్కన చాలా నయం.

హేతువు | సోమవారం రాత్రి 9:30

పాత పలక గారూ, కెప్లర్ గురించి నాకు పేచీ లేదు. కానీ కెప్లర్, లెమెత్రే అని పేర్లు చదివేటప్పుడు గెలీలియో పేరూ చదవాలి కదా. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తప్పు ఒప్పించారు. చర్చి తప్పని పోపు ఒప్పుకోవడానికి 1992 దాకా పట్టింది. 359 ఏళ్ళు. మన కోర్టులే నయం.

నిర్వాహకుడు | సోమవారం రాత్రి 10:12

మతమార్పిడుల గురించి వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఆకాశం చాలు.

నక్షత్రకుడు | మంగళవారం తెల్లవారుజామున 1:15

ఈ చర్చకు అసలు అవసరమైన కథ ఇంకా చెప్పలేదు.

1951 నవంబరు 22న పోప్ 12వ పయస్ తన సైన్స్ అకాడమీలో ఒక ప్రసంగం చేశాడు. ఆధునిక విజ్ఞానం కోట్ల ఏళ్ళ వెనక్కి చూసి, "వెలుగు కమ్ము" అన్న ఆ మొదటి క్షణానికి సాక్ష్యం చెబుతోంది అన్నట్టుగా సాగింది. ఒక ఫాదర్ చెప్పిన సిద్ధాంతానికి సాక్షాత్తూ పోపే కితాబిచ్చాడు. మీ సంఘంలో అయితే ఆ ఫాదర్‌కి శాలువా కప్పేవాళ్ళు.

లెమెత్రే మాత్రం బెంబేలెత్తిపోయాడు. ఆ సిద్ధాంతానికి అప్పటికింకా గట్టి రుజువు లేదు. పైగా విశ్వం వయసు లెక్క భూమి వయసు కన్నా తక్కువ వస్తోంది! మనవడి కన్నా తాత చిన్నవాడన్నమాట. రేపు ఇది తప్పని తేలితే? పోపు మాట ఏం కావాలి? అసలు తేలకపోయినా, ఫిజిక్స్ లెక్కను విశ్వాసానికి ఊతకర్రగా ఇవ్వడమే ఆయనకు నచ్చలేదు. వాటికన్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఓకానెల్‌తో మాట్లాడాడు, వాటికన్ అధికారుల దగ్గరికీ విషయం వెళ్ళింది. 1952 సెప్టెంబరులో రోమ్‌లోనే అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభ జరిగింది, పోపు మళ్ళీ మాట్లాడాడు. ఈసారి ఆ పోలిక లేదు.

ఇదే మనిషి యువకుడిగా 1921లో ఏం రాశాడో తెలుసా? దేవుడి మొదటి మూడు మాటలు అనే వ్యాసం. ఆదికాండం వాక్యాలను అప్పటి ఫిజిక్స్‌తో జతచేసే ప్రయత్నం. అంటే సీయోను బాట గారి వాట్సాప్ మెసేజ్ లాంటి పని తనూ ఒకసారి చేసి చూశాడు. దాన్ని అచ్చుకివ్వలేదు, మళ్ళీ ఆ దారికి పోలేదు. 1958లో శాస్త్రవేత్తల సాల్వే సభలో అయితే తేల్చి చెప్పాడు, ఈ సిద్ధాంతం మతానికి పూర్తిగా బయటిది, భౌతికవాది దేవుణ్ణి కాదనుకోవడానికి దీంట్లో అడ్డేమీ లేదు అని. హేతువు గారూ, మీకు అనుమతి ఇచ్చింది ఒక ఫాదర్.

హేతువు | మంగళవారం ఉదయం 7:02

అనుమతికి ధన్యవాదాలు. వాళ్ళనీ వీళ్ళనీ అడక్కుండానే కాదనుకుంటున్నాను లెండి.

పోపును ఆపిన సంగతి మాత్రం నాకు తెలీదు, గౌరవం పెరిగింది. కానీ 1931 ఉత్తరం విషయంలో ఒకటి దాచారు మీరు. దాని టైపు ప్రతిలో చివర ఇంకో పేరా ఉంది. దేవుడు స్వభావరీత్యా మరుగున ఉండేవాడు, సృష్టిని ఇప్పటి ఫిజిక్స్ ఒక తెర వెనక దాచడం చూసి విశ్వాసి సంతోషించవచ్చు అనే అర్థంలో. పంపేముందు కొట్టేశాడు. అంటే లోపల ఉన్నదేమిటో తెలుస్తూనే ఉంది. ఎక్కడా జాడ దొరకని దేవుడికీ, లేని దేవుడికీ తేడా ఎవరు చెప్పాలి?

నక్షత్రకుడు | మంగళవారం సాయంత్రం 5:50

దాచలేదు, నిద్రొచ్చింది. ఆ పేరా ఉంది, నిజమే. మీ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఆయన దగ్గర ఉన్నా ఫిజిక్స్ పత్రికలో రాసేవాడు కాదు. నాకు ముఖ్యమనిపించేది ఆ కొట్టేసిన గీత. పొద్దున పూజ చేసేవాడు, పగలు లెక్క చేసేవాడు. లెక్కలో ఇబ్బంది వస్తే పూజలోంచి అప్పు తెచ్చేవాడు కాదు. వయసు చిక్కును కూడా కాస్మలాజికల్ స్థిరాంకంతోనే (విశ్వాన్ని బయటికి తోసే, ఐన్‌స్టైన్ సమీకరణంలోని ఒక అంకె) విడదీయాలని చూశాడు. ఐన్‌స్టైన్ దాన్ని చెత్తబుట్టలో వేశాక కూడా ఈయన వదల్లేదు. 1998లో విశ్వం వేగం పెంచుకుంటూ సాగుతోందని తెలిశాక అది మళ్ళీ బయటికొచ్చింది.

కృష్ణాతీరం | మంగళవారం రాత్రి 9:20

అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి ఫోన్లో అంతా చూపించాను. పోపు కథకు మాత్రం గట్టిగా నవ్వింది. ఇప్పుడు తండ్రిగా అసలు ప్రశ్న అడుగుతున్నాను. ఇందులో కూడూ గుడ్డా ఉంటుందా? ఆడపిల్ల, విశ్వాసంలో పెరిగింది, అక్కడ ఎగతాళి చేస్తారా?

ఊదారంగు (పుణె) | బుధవారం మధ్యాహ్నం 12:35

రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఊరు కాకినాడ. అంకుల్, దాపరికం లేకుండా చెబుతాను. అయూకా, ఎన్‌సీఆర్ఏ, బెంగళూరు ఐఐఏ లాంటి ఖగోళ పరిశోధన సంస్థలకు నెట్ గాని జెస్ట్ గాని ప్రవేశ పరీక్ష రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంటర్వ్యూలో ఎమ్మెస్సీ ఫిజిక్సే అడుగుతారు, నక్షత్రాల పేర్లు కాదు. ఫెలోషిప్ నెలకు 37,000, తర్వాత 42,000. తినడానికి సరిపోతుంది. ఐదారేళ్ళు. ఆ తర్వాత విదేశాల్లో తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, అంటే రెండు మూడు పోస్ట్‌డాక్‌లు, పర్మనెంట్ ఉద్యోగం అందరికీ రాదు. రానివాళ్ళు డేటా సైన్స్‌లోకి వెళ్ళి నాకన్నా హాయిగా ఉన్నారు. పెళ్ళి గురించి చుట్టాలు అడగడం మాత్రం ఆగదు.

నమ్మకం గురించి మా ల్యాబులో ఎవరూ అడగరు. జోసెలిన్ బెల్ బర్నెల్ పేరు విన్నారా? 1967లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ విద్యార్థిని. వాళ్ళ రేడియో టెలిస్కోపు రోజుకు దాదాపు 30 మీటర్ల కాగితం మీద గీతలు గీసేది, వాటిని చూడ్డం ఈమె పని. ఒకచోట వేలెడంత కూడా లేని చిన్న గజిబిజి. నక్షత్రంలా లేదు, మనుషుల సిగ్నల్‌లా లేదు. వదిలెయ్యకుండా వెంటబడితే 1.34 సెకన్లకో రేడియో తుళ్ళింత. మొదటి పల్సార్ (గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం) అదే. 1974లో నోబెల్ ఆమె గైడుకు ఇచ్చారు, ఆమెకు ఇవ్వలేదు. 2018లో 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే మొత్తం ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థుల పీహెచ్‌డీలకు ఇచ్చేసింది. ఆమె క్వేకర్ క్రైస్తవురాలు, చిన్నప్పటి నుంచీ.

ఇంకొకాయన గై కొన్సల్మాన్యో. ఎంఐటీలో చదివి, ముప్ఫై ఏళ్ళ వయసులో, జనం ఆకలితో చస్తుంటే నాకు ఈ నక్షత్రాలెందుకు అనిపించి అమెరికా సేవాదళం పీస్ కోర్‌లో చేరి కెన్యా వెళ్ళాడు. అక్కడ పల్లెటూళ్ళ జనం టెలిస్కోపులో చూడ్డానికి ఎగబడ్డారు. తర్వాత జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాస సంఘం) బ్రదర్ అయ్యాడు, వాటికన్ ఉల్కల సేకరణ చూసుకున్నాడు, 2015 నుంచి పదేళ్ళు అక్కడి అబ్జర్వేటరీ డైరెక్టర్. ఆయన తర్వాత 2025లో ఆ కుర్చీలోకి వచ్చింది మన దేశపు జెస్యూట్, రిచర్డ్ డిసౌజా.

పాత పలక | బుధవారం రాత్రి 8:10

వాటికన్ అబ్జర్వేటరీ అంటే గుర్తొచ్చింది. హైదరాబాదుకూ దానికీ ఒక చుట్టరికం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆకాశం మొత్తాన్ని ఫోటో ప్లేట్ల మీద పటం గీయాలని ఇరవై దాకా అబ్జర్వేటరీలు ముక్కలు పంచుకున్నాయి. ఉత్తరాన 55 నుంచి 64 డిగ్రీల దాకా వాటికన్ వంతు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా చిలీ వాళ్ళు చెయ్యలేక వదిలేస్తే మన నిజామియా అబ్జర్వేటరీ ఎత్తుకుంది. వాటికన్‌లో ఆ ప్లేట్లు కొలిచింది నలుగురు సన్యాసినులు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఒకరు అంకెలు చెబుతుంటే ఇంకొకరు రాసుకునేవాళ్ళు. 1910 నుంచి 1921 దాకా, 4,81,215 నక్షత్రాలు. ఒకే పటంలో ఇక్కడ నిజాం సర్కారు జీతగాళ్ళు, అక్కడ సిస్టర్లు.

సీయోను బాట | గురువారం ఉదయం 6:40

పాత పలక గారూ, ఆ మెసేజ్ మా గ్రూపులో తప్పని రాశాను. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పర్వాలేదు. 19వ కీర్తనలో "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని ఉంది, దానికి నాసా సంతకం అక్కర్లేదు కదా అనుకున్నాను. అన్నయ్యగారూ, అమ్మాయి కోసం ప్రార్థన చేస్తాం. పరీక్ష ఎప్పుడో చెప్పండి.

కృష్ణాతీరం | ఆదివారం రాత్రి 11:05

పరీక్ష తేదీ ఇంకా రాలేదమ్మా, చెబుతాను.

ఇవాళ సాయంకాలం కూడికకు అమ్మాయి తన చిన్న టెలిస్కోపు పట్టుకొచ్చింది. కెన్యా కథ చదివి దానికి పుట్టిన ఆలోచన. ప్రార్థన అయ్యాక ఆవరణలో ట్యూబ్‌లైటు ఆర్పించి స్టాండు పెట్టింది. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్ళు. పెద్దాయన వచ్చి, "ఏం చూపిస్తున్నావమ్మా?" అన్నారు. "శని" అంది. "మందిరంలో శని ఏంటే!" అని అందరూ నవ్వారు. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వంగారు. చాలాసేపు లేవలేదు. లేచాక అద్దం మీద బొమ్మ అంటించావా అని గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి చూశారు. మళ్ళీ వంగారు.

ఎంత దూరం అని అడిగితే, వెలుగు రావడానికే గంటా పావు పైన పడుతుంది అంది. ఆయన కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని, "అంటే ఇప్పుడు నేను చూసింది, మనం లోపల వాక్యం వింటున్నప్పుడు బయల్దేరిందా?" అన్నారు.

బిగ్ బ్యాంగ్ మాట ఎత్తలేదు. ఊరుకున్నారనీ కాదు, వెళ్ళేటప్పుడు "ఆ ఫాదర్ ఎవరో అన్నావంట, వచ్చే ఆదివారం చెప్పు, నాకూ కొన్ని ప్రశ్నలున్నాయి" అన్నారు అమ్మాయితో. ఈ చర్చ మొత్తం ప్రింటు తీసుకెళ్ళనా అని అడుగుతోంది.

హేతువు | ఆదివారం రాత్రి 11:20

తీసుకెళ్ళమనండి, నావి కూడా కొట్టెయ్యకుండా. తెనాలి వైపు వస్తే ఆ టెలిస్కోపు మా మేడ మీదికి పట్టుకురండి. వీధి దీపాలు తక్కువ. వాక్యం ఉండదు గాని టీ ఉంటుంది.

కృష్ణాతీరం | ఆదివారం రాత్రి 11:24

శనివారం కుదురుతుందా?

జల్లెడ | ఆదివారం రాత్రి 11:25

శనిని చూడ్డానికి శనివారమే దొరికిందా మీకు.